రబ్బరు సంగతి మిగిలిపోయింది

మా రాత్రిబడి మాస్టారు ఇక లేరన్న కబురు నాకు రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర అందింది. పొద్దుటి సైరను మోగిపోయింది. మనుషులంతా లోపలికి వెళ్ళిపోయారు. మా బావ ఒక్కడే సైకిలు హ్యాండిలు మీద రెండు చేతులూ వేసుకొని బయట నిలబడి ఉన్నాడు. ఆయన మా అక్క భర్త, చక్రాల షాపులో, అంటే రైలు చక్రాలు బాగుచేసే విభాగంలో, ఫిట్టరు. సైరను మోగిన తరవాత ఆయన గేటు బయట కనిపించడం నేను అంతకు ముందు ఎరగను.

"మాస్టారు ఎల్లిపోనార్రా," అన్నాడు.

"ఎప్పుడు బావా?"

"తెల్లారగట్ల. కాఫీ అడిగినారంట. అమ్మగారు పట్టుకొచ్చీసరికి..."

మాట అక్కడ ఆపి, సైకిలు ముందు టైరును బొటనవేలితో నొక్కాడు. కొన్నేళ్ళుగా ఆయనకు ఆ అలవాటు ఉంది. రిక్షా గాని, లారీ గాని, పిల్లవాడి మూడు చక్రాల సైకిలు గాని, ఏ బండి పక్కన నిలబడినా టైరు నొక్కి చూస్తాడు. చూసేవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వలేను. దానికి కారణం నాకు తెలుసు. ఈ పుటలు చదివేవారిలో మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దినవారు కొందరైనా ఉంటారు. వారికి కూడా తెలియాలన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాస్టారు పగలు రైల్వే హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. సాయంత్రం మా ఖరగ్‌పూరులో ఖరిదా పేటలోని తెలుగు సంఘం గదిలో మాకు చెప్పేవారు. మాకు అంటే, షాపు వదిలాక చేతుల నూనె పూర్తిగా వదలకుండానే పలక పట్టుకొన్న మనుషులకు. మాలో పెళ్ళయినవాళ్ళు ఉండేవారు, మీసాలు నెరిసినవాళ్ళు ఉండేవారు. నేను ఖలాసీగా, బరువులు మోసే పనివాడిగా చేరినవాణ్ణి. ఆ గదిలో చాప మీద కూర్చొని చదివి మెట్రిక్యులేషను ప్యాసయ్యాను. తరవాత ప్రైవేటుగా కట్టి బి.ఏ. పట్టా కూడా పుచ్చుకొన్నాను. ఈనాడు ఆఫీసులో నాకు ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయి. ఈ సంగతి చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. ఆ కుర్చీలో కూర్చొన్నప్పుడల్లా వీపు నిటారుగా పెట్టుకొంటాను. వంగి కూర్చొని చదివేవాణ్ణి చూస్తే ఆయనకు సహించేది కాదు.

"చదువు బరువేటిరా, అలా ఒంగిపోతన్నావు?" అనేవారు.

ఆయన మాది లాంటి ఊరివారే, శ్రీకాకుళం వైపు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో అచ్చువేసినట్టు మాట్లాడేవారు. కోపం వచ్చినా, ముచ్చట వేసినా మా మాటలోకి వచ్చేసేవారు. సుద్దముక్కలను పాత ముక్కుపొడుం డబ్బాలో దాచేవారు. బోర్డు మీద రాసే ముందు ప్రతి సుద్దనూ రెండుగా విరిచేవారు. పొడుగు సుద్ద కీచుమంటుందనీ, ఆ కీచు అలిసిపోయి వచ్చినవాడి చెవికి నొప్పి అనీ చెప్పేవారు. రోజంతా సమ్మెట పోట్ల మధ్య బతికి వచ్చిన మాకు సుద్ద కీచు ఒక లెక్కా? అయినా విరిచేవారు. ఎదుటివాడికి ఎక్కడ నొప్పి కలుగుతుందో ముందే ఆలోచించడం ఆయనకు అలవాటు.

పాఠం ఎప్పుడు ముగించినా "ఇంకా ఉంది" అనేవారు. ఎంత చెప్పినా అంతే. కూడికలు చెప్పి "ఇంకా ఉంది" అనేవారు, వాన ఎలా పడుతుందో చెప్పి "ఇంకా ఉంది" అనేవారు. మేము దాన్ని సెలవు మాటగా తీసుకొని చాపలు చుట్టేవాళ్ళం.

చక్రాల పాఠం నాకు నిన్న విన్నట్టు ఉంది. ఖలాసీ నుంచి ఫిట్టరు కావాలంటే షాపులో ఒక పరీక్ష ఇవ్వాలి. చేతిపని మా వాళ్ళకు వచ్చు గాని, ఎందుకు అని అడిగితే నోరు పెగిలేది కాదు. అందుకని మాస్టారు ఆ యేడు చక్రం గురించి పాఠం పెట్టారు. రేకుతో రెండు బొమ్మ బళ్ళు చేయించారు. ఒకదానికి చిన్న చక్రాలు, రెండోదానికి పెద్ద చక్రాలు. ఒక పలక చెక్క మీద వెదురుబద్దలు ఎడం ఎడంగా కొట్టి దాన్ని గతుకుల రోడ్డు అన్నారు. తమ ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసి చిన్న చక్రాల బండి మీద పెట్టి, దారంతో లాగారు. రెండో బద్ద దగ్గరే నీళ్ళు ఒలికాయి. పెద్ద చక్రాల బండి మీద పెట్టి లాగారు. ఒకటి రెండు చుక్కలు తొణికాయి, అంతే.

"చిన్న చక్రం గోతిలోకి దిగుతుంది. పెద్ద చక్రం గోతి మీదుగా దాటుతుంది. గ్లాసులో నీళ్ళకు ఏది సుఖమో లోపల కూర్చొన్నవాడికీ అదే సుఖం," అన్నారు. కొంచెం ఆగి, "ఇది ఇనుప చక్రానికీ, కొయ్య చక్రానికీ చెల్లే మాట. రబ్బరు సంగతి ఇంకా ఉంది," అన్నారు.

వెనక వరస నుంచి మా బావ గొంతు లేచింది. "రబ్బరు మనకెందుకు మాస్టారూ? మన రైలు పట్టాలొదిలి రోడ్డెక్కుద్దేటి?"

గదంతా గొల్లుమంది. బావ అప్పట్లో అలాంటివాడు. పదిమందిలో ఒక మాట విసిరి అందరినీ నవ్వించకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. మాస్టారు కూడా నవ్వారు. నవ్వి, సుద్ద డబ్బాలో వేసి మూత పెట్టారు.

"సరేరా, రైలు రోడ్డెక్కిన్నాడు సెప్తాను," అన్నారు.

ఆ యేడు మా బడి నుంచి పరీక్షకు వెళ్ళిన ప్రతి ఒక్కరూ గట్టెక్కారు. బావ ఫిట్టరు అయ్యాడు. పరీక్షలో రబ్బరు గురించి ఎవరూ అడగలేదు. మాస్టారు ఆ తరవాత నీటి ఆవిరిలోకీ, విద్యుత్తులోకీ వెళ్ళిపోయారు.

ఏళ్ళు గడిచాయి. మాస్టారు హైస్కూలు నుంచి రిటైరయ్యారు. రాత్రిబడి మాత్రం వదలలేదు. రైల్వే సమ్మె జరిగిన ఆ వేసవిలో, బడి గోడ మీద వంకరగా వేలాడుతున్న దేశపటాన్ని సరిచేయబోయి బల్ల మీంచి వెనక్కి పడ్డారు. నడుము దగ్గర వెన్నెముక చిట్లింది. పాదాలు తిమ్మిరెక్కినట్టున్నాయని అన్నారు. రెండో రోజుకు ఆ తిమ్మిరి మోకాళ్ళ దాకా వచ్చింది. ఇక్కడి డాక్టరు పరీక్షించి, కలకత్తా పెద్దాసుపత్రిలో వెంటనే ఆపరేషను జరగాలన్నాడు. ఆలస్యమైతే కాళ్ళు పోతాయన్నాడు. దారిలో కుదుపు తగిలినా పోతాయన్నాడు.

ఆ రోజుల్లో రైళ్ళు లేవు. ఆపినవాళ్ళం మేమే. అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద ఎండ తప్ప ఎవరూ లేరు. ఊరంతా రైళ్ళ మీద బతికే మనుషులం, మా మాస్టారిని మెత్తగా పడుకోబెట్టి తీసుకుపోవడానికి ఒక్క బండిని కదపలేకపోయాం. ఆసుపత్రి వ్యాను ఉంది గాని, అది కట్టెలు మోసే లారీకి తమ్ముడు. కుదుపు వద్దన్న డాక్టరే దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు కలప కాంట్రాక్టరు గుర్తుకొచ్చాడు. రైల్వేకు పట్టాల కింద వేసే స్లీపరు దుంగలు సరఫరా చేసే తెలుగాయన. ఎక్కడో ఇనుము కర్మాగారం కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు తిరిగి వెళ్ళిపోతూ అమ్మిన పెద్ద బండి ఆయన దగ్గర ఉండేది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. అడవి దారిలో బురదలో దిగబడినా ఏనుగులా లేచి వచ్చేది. లోపల మాత్రం రాజుగారి గది. తోలు సీట్లు, కింద తివాచీ, కిటికీలకు తెరలు. ఊళ్ళో దాన్ని రాజాబండి అనేవారు. అది వెళుతూంటే పిల్లలు వెంట పరిగెత్తేవారు. ఆ కాంట్రాక్టరు కూడా ఒకనాడు మాస్టారి దగ్గర సంతకం నేర్చుకొన్నవాడే. మేము అడగక ముందే డ్రైవరును పిలిచి తాళాలు చేతిలో పెట్టాడు.

నేనూ, బావా, చక్రాల షాపు మనుషులు మరికొందరూ ఆయన షెడ్డుకు వెళ్ళాం. బండికి రెండు జతల చక్రాలు ఉన్నాయి. మొదటివి బండితో వచ్చినవి. ఇనుము చిన్నది, చుట్టూ బొద్దుగా రబ్బరు. రెండోవి కాంట్రాక్టరు కలకత్తా వేలంలో కొన్నవి. ఇనుము చాలా పెద్దది, మెరుస్తూ ఉంది, రబ్బరు పల్చగా అంచు కట్టినట్టు ఉంది. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ ఆయన వీటిని వేయించేవాడు.

"ఏ జత బిగించమంటారు?" అని కాంట్రాక్టరు అడిగాడు.

బావ జేబులోంచి కాలిపర్ తీశాడు. చక్రాన్ని కొలవడం ఆయనకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఇనుమును కొలిచాడు. మా షాపులో చక్రం అంటే ఇనుమే. పైన ఉండే టైరు కూడా ఉక్కు కట్టే, కాల్చి బిగిస్తారు. అందుచేత రబ్బరును ఆయన చక్రంగా లెక్క వేయలేదు. దాన్ని చక్రానికి తొడిగిన చొక్కాలా చూశాడు. అక్కడున్న ఎవరికీ అది తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు.

"ఇంక ఆలోసన ఏటి? పెద్దవే బిగించండి," అన్నాడు బావ. "మాస్టారేటి సెప్పినారు? పెద్ద సక్రం గోతి మీద నుంచి దాటీద్ది. ఆరి పాఠమే ఆరికి పనికొచ్చింది సూడు."

డ్రైవరు బెంగాలీ, అందరం దాదా అని పిలిచేవాళ్ళం. ఆయన కూడా సంతోషించాడు. "ఠీక్ హై దాదా! బడా చక్కా, బడా ఆరామ్!" అన్నాడు, పెద్ద చక్రమైతే పెద్ద సుఖమని.

మా వాళ్ళు ఆ చక్రాలను గుడికి తీసుకుపోయే పల్లకిలా తుడిచారు. రైలు చక్రం మంచిదో కాదో మేము సుత్తితో కొట్టి వింటాం. గంటలా పలికితే మంచిది, బొంగురుగా పలికితే పగులు ఉన్నట్టు. బావ అలాగే ఒక్కొక్క చక్రాన్నీ సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఇనుము పలికింది. రబ్బరు మీద తడితే మెత్తగా దబ్ అంది. ఆయన మొహం చిట్లించి, "ఇంకా గాలి కొట్టండి," అన్నాడు. కొట్టారు. మళ్ళీ తట్టాడు. ఇంకా కొట్టించాడు. రబ్బరు కూడా టంగుమన్నాక గాని ఆయనకు తృప్తి కలగలేదు.

తెల్లవారుతూండగా మాస్టారిని చెక్కపలక మీద కట్టి, వెనక సీట్లు మడిచి వేసిన పరుపు మీద పడుకోబెట్టాం. రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టాం. మేము అమ్మగారు అని పిలిచే ఆయన భార్య తల దగ్గర కూర్చొన్నారు. మాస్టారు సీట్లనూ తెరలనూ కళ్ళతోనే చూసి, "అల్లుడి మర్యాద సేస్తన్నార్రా," అన్నారు. తరవాత అమ్మగారితో, "ఆ గ్లాసు ఇలా నా పక్కన పెట్టు. నీళ్ళు నిండా పొయ్యి. వీళ్ళు పాఠం ఎంతమట్టుకు నేర్చుకొన్నారో పరీక్ష చేద్దాం," అన్నారు. అది బడిలోని పాత ఇత్తడి గ్లాసే. బావ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు ఆయన ముఖం మీద నేను చూసిన చివరి పూర్తి నవ్వు.

ఊరి చివరి లెవెల్ క్రాసింగు దాటుతూండగా గ్లాసు ఒలికింది. తొణకడం కాదు, ఒలకడం. చల్లటి నీళ్ళు మాస్టారి చెయ్యి కిందికి పారాయి. ఆ తరవాత కలకత్తా రోడ్డు మొదలైంది. గోతి వచ్చినప్పుడల్లా దెబ్బ గిలకలోంచి తాడు వచ్చినట్టు నేరుగా నేల నుంచి ఆయన నడుము దాకా వచ్చేది. దాదా గుర్రాన్ని బుజ్జగించినట్టు బండిని నడిపాడు. "ఆస్తే, ఆస్తే," అని తనకు తానే చెప్పుకొంటున్నాడు. ఎంత మెల్లగా నడిపినా దెబ్బ దెబ్బే. మాస్టారు కళ్ళు మూసుకొని పళ్ళు బిగించారు. బాధను ఆపుకోవడానికి కాబోలు, మూలకాల పేర్లు వరసగా చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క గోతి దగ్గర ఒక పేరు సగంలో తెగిపోయేది. మళ్ళీ ఆ పేరు దగ్గరి నుంచే అందుకొనేవారు.

రూపనారాయణ నది ఇంకా రాక ముందు ఒక టీ దుకాణం దగ్గర ఆపాం. మాస్టారు నన్ను పిలిచారు.

"బాబూ, దిగి టైరు నొక్కు."

నొక్కాను. బొటనవేలు దిగలేదు. చెప్పాను.

"ఇనుమెంత, రబ్బరెంత?"

బావ వంగి చేతి వేళ్ళు ఆనించి కొలిచాడు. "రబ్బరు నాలుగేళ్ళుంది మాస్టారూ. మిగతాదంతా ఇనుమే."

"విప్పి పెట్టిన జతకో?"

"ఆటికి ఆరేళ్ళకి పైనే."

"బయటి చుట్టు?"

"రెండిటికీ ఒకటే. మడ్‌గార్డు కింద అంతకన్నా పెద్దది పట్..." బావ నోట్లో మాట అక్కడే ఆగిపోయింది. చెయ్యి టైరు మీదే ఉండిపోయింది.

మాస్టారు బండి కప్పు వైపు చూస్తూ, తరగతిలో చెప్పే గొంతుతోనే చెప్పారు. "బయటి చుట్టు పెరగనప్పుడు చక్రం ఏం పెరిగినట్టు? ఇనుము పెరిగింది, రబ్బరు తరిగింది. గోతి మీద దాటే గుణం రాలేదు. దెబ్బ మింగే గుణం పోయింది. రోడ్డు దెబ్బను ముందు మింగేది రబ్బరులో ఉన్న గాలి. ఆ గాలికి చోటు కావాలి, అది మెత్తగా ఉండాలి. పైగా ఆ ఇనుము బరువు. బరువైన చక్రం ఒకసారి ఎగిరితే స్ప్రింగు దాన్ని అదుపులో పెట్టలేదు." ఊపిరి తీసుకొని, బావ వైపు కళ్ళు తిప్పారు. "రైలు రోడ్డెక్కిందిరా. సెప్తానన్నాను గదా."

ఆ మాట ఆయన ముచ్చటగానే అన్నారు. బావ మాత్రం టైరు పక్కన చతికిలబడిపోయాడు.

"గాలి తీసీమంటారా మాస్టారూ?" అని అడిగాను.

"తీసి చూడండి."

దాదా అగ్గిపుల్లతో వాల్వు నొక్కాడు. నాలుగు టైర్లూ బుసకొట్టాయి. బయలుదేరాం. నిజంగా తేడా వచ్చింది. దెబ్బల అంచు మొద్దుబారింది. అమ్మగారు గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశారు. అవి ఊగాయి గాని ఒలకలేదు. మాస్టారు మూలకాల పేర్లు ఆపి కళ్ళు తెరిచారు. "ఆఁ, ఇదీ," అన్నారు. బావ ముందు సీట్లో రెండు చేతులూ జోడించి ఎవరికో మొక్కుతున్నాడు. నేను ఆ కొంత దూరమూ ఆశపడ్డాను. ఆ ఆశ ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలంటే భయం వేస్తుంది.

ఒక కల్వర్టు దగ్గర రోడ్డు కోసుకుపోయి రాయి పైకి లేచి ఉంది. దాదా చూసేలోగా ముందు చక్రం దాని మీద పడింది. ఇనుము రాయికి తగిలిన చప్పుడు మా అందరికీ తెలిసిన చప్పుడే. రోజూ షాపులో వినేదే. మాస్టారి నోట్లోంచి అంతకు ముందు ఎప్పుడూ వినని కేక ఒకటి వచ్చింది. దిగి చూస్తే చక్రం అంచు వంగి ఉంది. పల్చటి రబ్బరులో గాలి తగ్గితే ఇనుము నేలకు తగులుతుంది. గాలి నింపితే రోడ్డు దెబ్బ ఆయనకు తగులుతుంది. మెత్తగానూ పనికిరాదు, గట్టిగానూ పనికిరాదు. పనికివచ్చే చక్రాలు ఖరగ్‌పూరులో, షెడ్డు గోడకు ఆనించి ఉన్నాయి.

"ఎనక్కి పోదాం మాస్టారూ. ఆటిని బిగించుకొని వద్దాం," అన్నాడు బావ.

"వచ్చిన దారే మళ్ళీ రెండుమాట్లా?" అన్నారు మాస్టారు. మళ్ళీ ఆయనే అన్నారు: "గాలి కొట్టండి. ఎల్దాం."

బావే పంపు పట్టుకొన్నాడు. ఒక్కొక్క పోటూ ఆయన తన చేతులతోనే కొట్టాడు. ఈసారి సుత్తితో తట్టి వినలేదు.

ఆపరేషను జరిగింది. ప్రాణం నిలిచింది. కాళ్ళు తిరిగి రాలేదు. కలకత్తా డాక్టరును నేను అడిగాను, బల్ల మీంచి పడినప్పుడే పోయాయా, దారిలో పోయాయా అని. అది ఎవరూ చెప్పలేరని ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. ఆ జవాబును బావకు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. తప్పు తనదే అని తేలితే మనిషి ఏడ్చి ఊరుకొంటాడు. కాదని తేలితే ఊపిరి పీల్చుకొంటాడు. ఏదీ తేలకపోతే రోడ్ల మీద టైర్లు నొక్కుతూ తిరుగుతాడు.

సమ్మె ముగిశాక మాస్టారిని రైల్లోనే ఇంటికి తీసుకువచ్చాం. ఆ రోజు నుంచి ఖరిదాలోని అద్దె ఇంటి ముందుగదిలో మంచం మీదే ఆయన బతుకు. వచ్చిన వారానికే నన్ను పిలిచి, "రబ్బరు సంగతి పూర్తి చేస్తాను. అందరినీ సాయంత్రం రమ్మను," అన్నారు. మొదట్లో పదిమంది దాకా వచ్చారు. మంచం చుట్టూ నిలబడి, ఆ కదలని కాళ్ళ వైపు చూడకుండా ఉండడానికి గోడల వైపు చూశారు. మాస్టారు మాట మొదలుపెట్టగానే ఒకాయన కండువా నోటికి అడ్డం పెట్టుకొని బయటికి వెళ్ళిపోయాడు. మరుసటి వారం సగం మందే వచ్చారు. సమ్మె తరవాత కొందరికి బదిలీలు, కొందరికి అంతకన్నా కష్టాలు. బడి గది అద్దెకు పోయి షామియానాల దుకాణం అయింది. చివరికి నేనొక్కణ్ణి మిగిలాను. నేను ఆఫీసు మనిషిని. చక్రాలతో నాకు పని లేదు. ఆ పాఠం ఎవరికి చెప్పాలని ఆయన అనుకొన్నారో వాళ్ళకు ఆ ఇంటి గడప తొక్కే ధైర్యం లేకపోయింది.

బావ అసలు రాలేదు. మాస్టారు పంపగా పూరీ గేట్ కాలనీలోని ఆయన క్వార్టరుకు వెళ్ళాను. అక్క లోపల ఉంది. బావ గుమ్మంలో కూర్చొని ఉన్నాడు.

"మాస్టారు నిన్ను రమ్మంటున్నారు," అన్నాను.

"ఏ మొకం ఎట్టుకొని రావాల్రా? రబ్బరు మనకెందుకన్నది ఎవుడు? ఈ నోరే గదా."

"అందరం నవ్వాం బావా."

"మీరు నవ్వి మర్సిపోనారు. నాను అన్నాను."

ఈ మాట మాస్టారికి చేరవేశాను. "నవ్వు విని పాఠం ఆపినవాణ్ణి నేను. పిల్లలు నవ్వుతారు, మాస్టారు ఆపకూడదు. ఇది వాడికి చెప్పు," అన్నారు. మళ్ళీ వెళ్ళి చెప్పాను. బావ లేచి చొక్కా తొడుక్కొన్నాడు.

ఆ సాయంత్రం బావ మంచం కాళ్ళ వైపు కూర్చొని మాస్టారి పాదాలు ఒత్తసాగాడు. మాస్టారికి అది తెలియడం లేదని బావకు తెలుసు. "రాసుకోరా," అన్నారు మాస్టారు. "సెప్పండి మాస్టారూ," అన్నాడు గాని పాదాలు వదల్లేదు. మాస్టారు గాలి గురించి మొదలుపెట్టారు. బరువు గురించి కొంచెం చెప్పారు. స్ప్రింగు దగ్గరికి వచ్చేసరికి అలసట వచ్చి గొంతు సన్నబడింది. "ఇంకా ఉంది," అని కళ్ళు మూసుకొన్నారు.

బయటికి వచ్చాక బావ వీధిలో నిలబడిపోయాడు. "ఆరి కాళ్ళు సల్లగా ఉన్నాయిరా," అన్నాడు. "ఎంత ఒత్తినా ఏడి రాలేదు."

తరవాత కూడా బావ వెళుతూనే ఉన్నాడు. పాఠం మాత్రం స్ప్రింగు దాటలేదు. రోజురోజుకూ మాస్టారి మాటలు కురచ అయ్యాయి, నిద్ర పొడుగయింది. స్మృతి వ్యాసాల్లో ఓదార్పు ఏదైనా చెప్పి ముగించడం మర్యాద అని నాకు తెలుసు. వెతికాను. దొరకలేదు. ఆయన మాకు చదువు చెప్పారు. ఆ చదువునే మేము చక్రాలుగా బిగించి ఆయన వీపు కింద నడిపాం. ఇంతకన్నా నిజమైన మాట నా పట్టాలో గాని, నా కుర్చీలో గాని నాకు కనిపించడం లేదు.

గేటు దగ్గర కబురు చెప్పిన బావ నాతో మాస్టారి ఇంటికి రాలేదు. "నువ్వు ఎల్లు, నాను వస్తాను," అని సైకిలెక్కి కాంట్రాక్టరు షెడ్డు వైపు పోయాడు. పాడె కట్టడం పూర్తవుతూండగా వీధి మొదట్లో రాజాబండి కనిపించింది. దాదా నడుపుతున్నాడు, బావ ముందు నడుస్తూ దారి చూపుతున్నాడు. బండికి ఆ చిన్న చక్రాలు ఉన్నాయి. చుట్టూ బొద్దుగా నల్లటి రబ్బరు. బావ మోచేతుల దాకా గ్రీజు.

పెద్దలు ఒప్పుకోలేదు. "మనుషులం ఇంతమందిమి ఉండగా బండెందుకోయ్? మోసుకుపోతాం," అన్నారు.

"ఒక్కపాలి మెత్తగా ఎల్లనీండి బాబూ," అన్నాడు బావ. అందరి ముఖాల్లోకీ చూస్తూ అన్నాడు. చివరికి అమ్మగారి వైపు తిరిగాడు.

అమ్మగారు ఆయన గ్రీజు చేతులను చూశారు. "మోసుకెళ్ళండి నాయనా. ఆరికి బళ్ళు అచ్చిరాలేదు," అన్నారు.

పాడె ముందు కొమ్ము బావే ఎత్తుకొన్నాడు. దాదా ఏమనుకొన్నాడో, బండిని తిప్పుకొని వెళ్ళలేదు. "మాస్టర్‌మశాయ్," అని నుదుటికి చెయ్యి తాకించి, ఖాళీ బండిని మా వెనకాలే మెల్లగా నడిపించాడు.

బజారు దాటాక భుజం మార్చుకోవడానికి నేను పక్కకు తప్పుకొన్నాను. బండి నా పక్క నుంచి వచ్చింది. వెనక సీట్లు మడిచి పరుపు వేసి ఉంది. పరుపు పక్కన బావ ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన ఇత్తడి గ్లాసు, అంచు దాకా నీళ్ళు. ఖరిదా రోడ్డు గోతిలోకి ముందు చక్రాలు దిగాయి, లేచాయి. వెనక చక్రాలు దిగాయి, లేచాయి. నీళ్ళు అంచు దాకా వచ్చి, వణికి, అక్కడే నిలిచాయి. ఒక్క చుక్క కూడా బయట పడలేదు. ఎదురుగా, ఎత్తు కలవని మా వాళ్ళ భుజాల మీద, పాడె ప్రతి అడుగుకూ అదురుతూ పోతోంది.